పోయి వస్తానని రాయించిన కాగితం

నా చిన్నప్పుడు మా ఇంట్లో గడప దాటేవాళ్లు ‘పోతున్న’ అనకూడదు. నీళ్లకు వెళ్లినా, పిడికెడు ఉప్పు కోసం వెళ్లినా ‘పోయొస్త’ అనే అనాలి. లోపల ఉన్నవాళ్లు ‘పోయి రా’ అనాలి. నేనొకసారి మరిచిపోయి ‘పోతున్ననే’ అని పరుగు తీస్తే, అమ్మ సందు చివరిదాకా వచ్చి, చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చి, గడప లోపల నిలబెట్టి, మాట సరిచేయించి మళ్లీ పంపింది. ఆ ఒక్క మాట మా బతుకులో ఎంత దూరం వెళ్లిందో చెప్పాలని ఇది రాస్తున్నాను. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ రాస్తున్నాను.

మేము అప్పుడు బల్కంపేటలో ఒక్క గది ఇంట్లో ఉండేవాళ్లం. మా నాయన మగ్గాల ఊరి నుంచి కుట్టుపని వెతుక్కుంటూ పట్నం వచ్చిన మనిషి. నాకు ఆరేళ్లప్పుడు పోయాడు. పోయే ముందు ఏడాది నాకు వెండి పట్టీలు చేయించాడు. పెరిగే పిల్ల కదా అని కొంచెం వదులుగా చేయించాడు. ఆయన గుర్తుగా నాకు మిగిలినవి అవే.

నాయన పోయాక అమ్మ పంజగుట్టలో ఒక కాన్పుల దవాఖానలో ఆయాగా చేరింది. పుట్టిన పిల్లలకు నీళ్లు పోయడం ఆమె పని. కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ చంటివాళ్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, గోరువెచ్చని నీళ్లు మెల్లమెల్లగా పోసేది. నేను చాలాసార్లు గుమ్మంలో నిలబడి చూశాను. గొల్లున ఏడుస్తున్న పిల్ల కూడా అమ్మ కాళ్ల మీదికి వచ్చేసరికి కళ్లు తెరిచి ఊరుకునేది. సాయంత్రం ఇంటికి వస్తే అమ్మ చీర నిండా సాంబ్రాణి వాసన. నేను ఆ కొంగు మొహం మీద కప్పుకుని పడుకునేదాన్ని. నెలకోసారి కవరులో జీతం తెచ్చి దేవుడి పటం ముందు పెట్టేది. చదువురాని మనిషికి కవరులో జీతం రావడమంటే ఆ రోజుల్లో చిన్న గౌరవం కాదు.

నాకు తొమ్మిదేళ్లు నిండిన ఏడు అమ్మకు దగ్గు పట్టుకుంది. మొదట చలిదగ్గు అనుకున్నాం. తరువాత మనిషి చిక్కిపోయింది. ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏమైందని రెండు మూడుసార్లు అడిగాను. చివరికి, “చంటిపిల్ల మొహం మీద దగ్గిన” అంది. అంతే. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు పక్కింటి అక్కను పిలిచింది. వాళ్లు చర్చికి వెళ్లే కుటుంబం. అక్క పదో తరగతి చదివింది కాబట్టి మా సందులో అందరి ఉత్తరాలూ ఆమే రాసేది. చాప మీద కూర్చుని, పలక మీద కాగితం పెట్టుకుని అడిగింది.

“ఏమని రాయాలె చిన్నమ్మా?”

“ఇగ నాకు సెలవియ్యమని రాయి బిడ్డా.”

“ఎందుకంటే?”

“పానం మంచిగుంటలేదని రాయి. దగ్గు సంగతి రాయకు. పిల్లల తల్లులు భయపడ్తరు.”

“మరి పని మానేస్తున్నవని రాయాల్నా?”

అమ్మకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. “ఛీ, అట్లెవరన్న చెప్తరా? అన్నం పెట్టిన జాగ అది. పోయొస్తనని రాయి.”

“సరే తల్లీ, నీ ఇష్టం. పోయొస్తననే రాస్త. రాసి కాగితానికి దండ సుత వేయాల్నా?” అని అక్క నవ్వింది. రాసింది పైకి చదివింది. అమ్మగారికి నమస్కరించి వ్రాయునది, నా ఆరోగ్యం సరిగా లేదు, కావున నాకు సెలవు ఇప్పించ ప్రార్థన, పోయి వస్తాను. అమ్మకు నచ్చింది. మర్యాదగా ఉంది అంది. అక్క కలం నుంచి నాలుగు సిరా చుక్కలు తీసి అమ్మ బొటనవేలికి పూసింది. నీళ్లలో నాని నాని ఆ వేలికి నిలువునా ఒక పగులు ఉండేది. కాగితం మీద ముద్ర పడితే దాని మధ్యలో వెంట్రుకంత తెల్ల గీత పడింది.

దవాఖానకు పంపిన ఆ కాగితంతో, అమ్మ దృష్టిలో, పని విడిచిపెట్టడం అయిపోయింది. మా మాటల్లో సెలవు తీసుకోవడమంటే అదే. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇంటివాళ్ల దగ్గర సెలవు తీసుకుంటాం, పెళ్లివారింటి నుంచి వచ్చేటప్పుడు సెలవు తీసుకుంటాం. ఆఫీసులో ఆ మాటకు వేరే అర్థం ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు. అక్కకు కూడా తోచలేదు.

నెల తిరిగింది. దవాఖాన గేటు దగ్గర కూర్చునే ముసలి చౌకీదారు కవరు తెచ్చి ఇచ్చాడు. పని చేసిన రోజుల డబ్బు అనుకుంది అమ్మ. విప్పితే నెల జీతం మొత్తం ఉంది. దవాఖాన నడిపే డాక్టరమ్మ దయతో కొంచెం ఎక్కువ ఇచ్చిందేమో అని దండం పెట్టుకుని వాడేసింది. కిరాయికి కొంత, సూదిమందులకు కొంత. రెండో నెల కూడా కవరు వచ్చింది. ఈసారి అమ్మ దాన్ని తెరవలేదు. చౌకీదారును అడిగితే, “జీతాల సాబ్ ఇచ్చిండు, నేను తెచ్చిన. నన్నడిగితే ఏమెరుక అమ్మా” అన్నాడు. కవరును బియ్యం డబ్బాలో, బియ్యం కింద దాచింది. మందులు అయిపోయాయి. ఆ కవరు మీది నుంచే రోజూ గిద్దెడు బియ్యం తీసి వండింది కానీ, దాన్ని ముట్టుకోలేదు. మూడో కవరు వచ్చిన రోజు అక్కను కూర్చోబెట్టి సంగతి చెప్పింది.

“ఉంచుకో చిన్నమ్మా. అంత పెద్ద దవాఖానకు ఇది లెక్కనా?” అంది అక్క. “అసలే మందులకు లేక చస్తున్నవ్.”

“వాళ్లకు లెక్క గాకపోవచ్చు. నా జాగల ఇంకో ఆయా వచ్చి ఉంటది గదా. ఆమెకు రావలసింది నాకొస్తుందేమో. ఆమెకు సుత పిల్లలుంటరు.”



తెరవని కవర్లు రెండు ఉన్నాయి. మొదటి నెల వాడుకున్న డబ్బులో తాను పనిచేసిన రోజులకు పోగా మిగిలింది ఎక్కడి నుంచి తేవాలి? అమ్మ కడియాలు నాయన జబ్బులోనే అమ్ముడుపోయాయి. ఆమె నా కాళ్ల వైపు చూసింది. నాకు అర్థమై గోడ మూలకు జరిగి కాళ్లు ముడుచుకున్నాను. “ఇయ్య. ఇవి నాయనవి” అన్నాను. అమ్మ కోప్పడలేదు, బతిమాలలేదు. కాళ్లు చాపుకుని కూర్చుని, దవాఖానలో చంటివాళ్లను పడుకోబెట్టినట్టే నా కాళ్లను తన కాళ్ల మీద పెట్టుకుంది. అప్పటికి పట్టీలు బిగుతయ్యాయి. సబ్బునీళ్లు రాసి మెల్లగా, గీరుకోకుండా తీసింది. నేను ఏడుస్తూనే ఉన్నాను. “నువ్వు చెడ్డదానివి” అని కూడా అన్నాను. ఆ మాట నేను అన్నట్టు నాకు ఇప్పటికీ బాగా గుర్తుంది.

వెండి కొట్టుకు వెళ్లి, అక్కడి నుంచి పంజగుట్టకు నడిచాం. ఇప్పుడు మెట్రో స్తంభాలున్న దారి అది. అప్పుడు చెట్లు, అక్కడక్కడా బండలు, మధ్యలో ఖాళీ జాగాలు. అమ్మ మూడుచోట్ల ఆగి కూర్చుంది. నడుస్తుంటే నా కాళ్లు చప్పుడు చేయకపోవడం నాకు వింతగా ఉంది. అవి ఎవరి కాళ్లో అనిపించింది.

దవాఖానలో జీతాలు చూసే సారు మాకు తెలిసినవాడే. డాక్టరమ్మ ఊళ్లో లేదన్నాడు. అమ్మ కవర్లు, విడి డబ్బు బల్ల మీద పెట్టి విషయం చెప్పింది. ఆయన ఫైలు తీసి, మా కాగితం చూసి నవ్వాడు.

“మానేసినవని ఏడ రాసినవమ్మా? సెలవని రాసినవ్. పోయి వస్తానని సుత రాసినవ్. మేం నువ్వు వస్తవనే చూస్తున్నం.”

“పోయొస్తనంటే పోతున్ననని గదా సార్.”

ఆయన నవ్వు ఆగిపోయింది. అమ్మను పైనుంచి కిందిదాకా చూశాడు. కవర్లను వెనక్కి తోశాడు. “డాక్టరమ్మ సెలవు మంజూరు చేసింది. జీతంతో సెలవు. ఉంచుకో, ఏం కాదు.”

“తిరిగొచ్చేటోళ్లకు గదా సార్ సెలవు. రానోళ్లకు సెలవెట్లయితది? ఆమె నేను వస్తననుకొని ఇచ్చింది.”

“అంటే, రావా?”

అమ్మ నా వైపు చూసింది. తరువాత బల్ల వైపు చూస్తూ, “రాను” అంది.

అమ్మ నోట ఆ మాట నేను వినడం అదే మొదటిసారి. సందు చివర నుంచి నన్ను వెనక్కి లాక్కొచ్చి మాట సరిచేయించిన మనిషి. ఎవరైనా ఆమెను కూడా వెనక్కి లాగి ఆ మాట సరిచేయిస్తే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది.

సారు కొత్త కాగితం రాశాడు. రాజీనామా అన్నాడు. అమ్మకు ఆ మాట తెలియదు. “రాజి... నామానా?” అని పలికి చూసి, అర్థం చెప్పించుకుని, “గంత పెద్ద మాటనా సార్ గీ చిన్న పనికి?” అంది. సారు తల దించుకున్నాడు. అమ్మ వేలిముద్ర వేసి, డబ్బు ముట్టినట్టు రాసి ఇమ్మని అడిగి తీసుకుంది. పాత కాగితాన్ని ఆయన చింపబోతే ఆపింది. “దాని మీద నా వేలున్నది సార్. నాకే ఇయ్యండి.” చదువురానివాళ్లకు తమ వేలిముద్ర ఎవరి దగ్గరైనా మిగిలిపోతుందంటే భయం. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

బయటికి వస్తుంటే వరండా చివర కొత్త ఆయా ఒక చంటిపిల్లను ఎత్తుకుని వెళుతోంది. పిల్ల గుక్కపెట్టి ఏడుస్తోంది. అమ్మ ఒక అడుగు ముందుకు వేసి ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. గేటు దగ్గర చౌకీదారు, అలవాటు ప్రకారం, “పోయి రా అమ్మా” అన్నాడు. అమ్మ చేతులు జోడించింది.

చలికాలం వచ్చేసరికి అమ్మ మంచం దిగలేకపోయింది. మగ్గాల ఊరి నుంచి మా మేనమామ వచ్చాడు. పెద్ద దవాఖానలో చేర్చడానికి రిక్షా తెచ్చాడు. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రారని మా సందులో చెప్పుకునేవాళ్లు. మామయ్య అమ్మను ఎత్తుకుని గడప దాటించాడు. నేను లోపల నిలబడి ఎదురుచూశాను. అమ్మ ‘పోయొస్త’ అంటే ‘పోయి రా’ అనాలని నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. అనలేదు. నేనే రిక్షా దగ్గరికి పరుగెత్తి, “పోయొస్తననవే” అని అడిగాను. అమ్మ నా చెంప మీద చెయ్యి పెట్టి, “పైలం బిడ్డా” అంది. జాగ్రత్తగా ఉండమని, అంతే. నేను పట్టీల కోసం ఏడ్చి తిట్టానని అమ్మకు నా మీద ఇంకా కోపం ఉందనుకున్నాను. అమ్మ రాలేదు. ఆ అనుమానం నాతో చాలా ఏళ్లు ఉండిపోయింది. తాను చేయలేని పనిని మాట వరసకైనా చెప్పదలుచుకోలేదని, ఆ మాట విలువ ఆ బల్ల దగ్గరే తెలుసుకుందని, నేను తల్లినయ్యాక గానీ నాకు తోచలేదు.

తరువాత మామయ్య ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టాను. బడి మొహం చూడలేదు. పెళ్లయి మళ్లీ పట్నం వచ్చాను. వంటపనుల్లోనే జుట్టు నెరిసింది. ఇప్పుడు అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తున్నాను. అమ్మ ఫొటో ఒక్కటీ లేదు. ఆ పాత కాగితం మాత్రం నా పెట్టెలో ఉంది. తీసినప్పుడల్లా వేలిముద్రనే చూసేదాన్ని. మధ్యలో ఆ తెల్ల గీతను చూసేదాన్ని. చుట్టూ ఉన్న రాతను ఎవరిచేతా చదివించుకోలేదు. రాసేటప్పుడు పక్కనే కూర్చున్నాను కదా, అందులో ఏముందో నాకు తెలుసు అనుకున్నాను. కింద మూలన ఎర్ర సిరాతో ఏటవాలుగా ఏదో ఉండేది. ఆఫీసువాళ్ల సంతకం కాబోలు అనుకున్నాను.

నిజం చెప్పాలంటే అమ్మ మీద నాకు కోపం ఉండేది. ఆ డబ్బు ఉంచుకుని ఉంటే మందులు వచ్చేవి. కొన్నాళ్లు బతికేది. అయినా నా చేతికి పొరపాటున ఎక్కువ వచ్చిన ప్రతిసారీ, దుకాణంలో గానీ పనిచేసిన ఇళ్లలో గానీ, తిరిగి ఇచ్చేశాను. కోపంగానే ఇచ్చేశాను.

హాస్టల్లో పిల్లలు నాకు అక్షరాలు నేర్పారు. కూరగాయలకు వెళ్లినప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు చదివించేవాళ్లు. తప్పు చదివితే నవ్వేవాళ్లు, “అమ్మమ్మా, ఫెయిల్!” అనేవాళ్లు. అచ్చు అక్షరాలు వచ్చాక చేతిరాత చదవడం అలవాటు చేసుకోమన్నారు. నా దగ్గర ఉన్న చేతిరాత అదొక్కటే. ఒక మధ్యాహ్నం వంటిల్లు కడిగేశాక కాగితం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. అక్క రాసింది మొత్తం చదివాను. పోయి వస్తాను అన్నచోట ఆగి, నవ్వుకున్నాను కూడా. తరువాత ఎర్ర సిరా దగ్గరికి వచ్చాను. డాక్టరమ్మ రాత. ఒక్కో అక్షరం కలుపుకోవడానికి చాలాసేపు పట్టింది.

దగ్గు సంగతి నాకు తెలుసు. మందులు వాడితే నయమవుతుంది. పోయి రమ్మనండి. వచ్చేవరకు జీతం పంపండి.

నాలుగు మాటలు. అమ్మ ఎవరికీ చెప్పనిది ఆమెకు తెలుసు. సెలవు అన్న మాటను ఆమె తప్పుగా చదవలేదు, పోయి వస్తానన్న మాటకు ఇవ్వవలసిన జవాబే ఇచ్చింది. నయమవుతుందని కూడా రాసింది. ఆ కాగితం అమ్మ బొడ్లో ఇంటిదాకా వచ్చింది. పెట్టెలో, మంచం కిందే ఉంది. మా ఇద్దరిలో ఒక్కరికైనా నాలుగు అక్షరాలు వచ్చి ఉంటే! ఆ సారు ఎందుకు చదివి వినిపించలేదో తెలియదు. మంజూరైందని చెప్పడం చాలనుకున్నాడేమో. చదవమని మేమూ అడగలేదు. ఆ రోజు సాయంత్రం పిల్లలకు అన్నం ఒట్టి పప్పుతోనే పెట్టాను. కూర వండటానికి చేతులు లేవలేదు.

పోయిన నెల మా హాస్టల్లో వరంగల్ వైపు పిల్లకు ఒక చిక్కు వచ్చింది. ఒక ఆఫీసు మానేసి ఇంకో దాంట్లో చేరింది. పాత ఆఫీసు నుంచి మరుసటి నెల కూడా బ్యాంకులో జీతం పడింది. తోటిపిల్లలు చుట్టూ చేరారు. “మస్తు గదనే! బిర్యానీ నీదే ఇయ్యాల” అని ఒకతె. “అడిగితే అప్పుడు చూద్దాం, ఫికర్ చెయ్యకు” అని ఇంకొకతె. ఆ పిల్ల మాత్రం కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

“డబ్బుతోపాటు ఏమన్న రాసి పంపిన్రా?” అని అడిగాను.

“మెయిల్ వచ్చింది అమ్మమ్మా. చదవలే. అంత ఇంగ్లీషు గోల.”

“చదువు. చదివి నాకు తెలుగుల చెప్పు.”

చదివింది. పడ్డదాంట్లో కొంత ఆమెకు న్యాయంగా రావలసిందే. వాడుకోకుండా మిగిలిన సెలవుల డబ్బు అట. సెలవుల డబ్బు అన్న మాట వినగానే నేను గరిటె కింద పెట్టి కూర్చున్నాను. మిగిలింది పొరపాటున వచ్చిందా, ఎంత, ఎవరికి తిరిగి పంపాలి అని ఆఫీసుకు రాయమన్నాను. రాసింది. జవాబు వచ్చాక వాళ్లు చెప్పినట్టే ఎక్కువ వచ్చింది పంపేసి, ముట్టినట్టు రాయించుకుని నాకు చూపించింది. తనది తాను ఉంచుకుంది.

మా అమ్మ చేసింది తప్పని నేను ఇప్పుడు అనుకోవడం లేదు. తనకు తెలిసినంతలో అది తనది కాదు, ఇచ్చేసింది. నేను కూడా ఇచ్చెయ్యమనే చెబుతాను. కానీ ఇచ్చే ముందు ఎదుటివాళ్లు ఏం రాశారో చివరి మూల దాకా చదవమంటాను. ఎర్ర సిరాలో ఉన్నది కూడా చదవమంటాను.

పొద్దున్నే పిల్లలు ఆఫీసులకు బయలుదేరుతూ వంటింట్లోకి తొంగిచూసి, “పోయొస్త అమ్మమ్మా” అంటారు. ఎంత పని తొందరలో ఉన్నా ఒక్కొక్కరికీ మొహం చూసి “పోయి రా” అంటాను. అందరూ వెళ్లాక పెట్టె తెరిచి కాగితం తీస్తాను. అమ్మ వేలి మీద, ఆ తెల్ల గీత మీద నా వేలు పెట్టి, ఎర్ర అక్షరాలను పైకి చదువుతాను. ఆమెకు ఇది ఎవరూ చదివి చెప్పలేదు.